‘ఫెయిల్’ అని గబగబా అనమంటే ఏం లాభం?

అశోక్‌నగర్ అమ్మాయి:
గ్రూప్-1 ప్రిలిమ్స్ పోయింది. అప్పట్నుంచి పేపర్లో ‘ఫలితాలు విడుదల’ అని కనబడితే చాలు, కడుపులో తిప్పుతోంది. అవి పదో తరగతి ఫలితాలైనా సరే! కౌన్సెలర్ మేడమ్ ‘యాక్ట్’ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) పద్ధతి అంటూ, ‘ఫెయిల్’ అనే మాటని అరనిమిషం గబగబా అనమన్నారు. హాస్టల్లో అంటుంటే రూమ్మేట్ ఒకటే నవ్వు. ఆలోచనతో వాదించొద్దు, వచ్చిందని గమనించు చాలు అంటారావిడ. అమ్మేమో ‘నేను ఫెయిల్ కాను’ అనుకోమంటుంది. దీని వెనక సైన్స్ ఏమైనా ఉందా?

గుంటూరు లెక్చరర్:
ఉందమ్మా. ఒకే మాటని పదేపదే అంటే అర్థం జారిపోయి ఉత్త శబ్దం మిగులుతుందని టిచెనర్ అనే సైకాలజిస్టు 1916 నాటికే రాశాడు. దాన్ని చికిత్సలోకి తెచ్చింది అమెరికా సైకాలజిస్టు స్టీవెన్ హేస్ బృందం. వాళ్ల సిద్ధాంతం పేరు రిలేషనల్ ఫ్రేమ్ థియరీ. మాటలు వస్తువుల మధ్య కలిపే సంబంధాలే మన స్పందనని మారుస్తాయని దాని సారం.

పాత 2 రూపాయల పెద్ద బిళ్ళ, 5 రూపాయల చిన్న బిళ్ళ ముందు పెడితే పసిపిల్లలు పెద్దదే లాక్కుంటారు. ‘ఐదు ఎక్కువ’ అని నేర్చాక చిన్నదే కావాలంటారు. బిళ్ళలు అవే, మాటలు కలిపిన సంబంధం మారింది. 2007లో డౌగర్ అనే పరిశోధకుడి బృందం కొన్ని గుర్తుల్ని ‘దీనికన్నా అది పెద్దది’ అనే వరసలో నేర్పి, మధ్య గుర్తుకి మాత్రం కరెంట్ షాక్ జతచేసింది. షాక్ ఎన్నడూ తగలని ‘పెద్ద’ గుర్తు చూసి చాలామంది ఇంకా ఎక్కువ ఉలిక్కిపడ్డారు! మీకు పదో తరగతి ఫలితాలు చేసేదీ ఇలాంటిదే. ‘నేను ఫెయిల్ కాను’ అన్నా అందులో ఆ మాట ఉండనే ఉంది కదా.

వైజాగ్ నర్స్:
లెక్చరర్ గారూ, సిద్ధాంతం బాగుంది, కానీ చికిత్సగా యాక్ట్ సీబీటీని (ఆలోచనల్ని పరీక్షించి మార్చుకునే చికిత్సని) మించిందని తేలలేదు. అదీ చెప్పాలి. చెల్లీ, భయం పోవాలని చేస్తే మాత్రం పనిచేయదు. నేనైతే ‘ఫెయిల్ అవుతాననే ఆలోచన వస్తోంది’ అని పైకి అనుకుని, కడుపు తిప్పుతున్నా డ్యూటీకి వెళ్తాను. డబ్ల్యూహెచ్ఓ 2020లో ఒత్తిడి మీద బొమ్మల పుస్తకం ఉచితంగా ఇచ్చింది. అదీ ఈ పద్ధతిదే, చూడు.

అశోక్‌నగర్ అమ్మాయి:
థాంక్స్ అక్కా, థాంక్స్ సార్. బిళ్ళల సంగతి అమ్మకి చెప్తా. షాకుల ప్రయోగం మాత్రం చెప్పను, ‘ఆ కౌన్సెలర్ దగ్గరికి ఇంక వెళ్లకు’ అంటుంది.