పీస్ స్టేషన్‌లో బయటపడిన బీపీకి వైకల్య పింఛను ఇవ్వాలా?

గిద్దలూరు మాజీ హవల్దారు:
అందరికీ నమస్కారం. పదాతి దళంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి 2021లో హవల్దారుగా డిస్చార్జి అయ్యాను. వచ్చే ముందు జరిగిన మెడికల్ బోర్డు నాకు ప్రైమరీ హైపర్‌టెన్షన్ ఉందనీ, వైకల్యం జీవితాంతం 30 శాతమనీ తేల్చింది. ఆ పక్క గడిలోనే ఇది సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని రాసింది. అందుకు చూపిన కారణం ఒక్కటే వాక్యం: జబ్బు పీస్ స్టేషన్‌లో, అంటే యుద్ధ విధులు లేని చోట, మొదలైంది. బీపీ బయటపడింది కంటోన్మెంటులోనే, కాదనను. కానీ దానికి పది నెలల ముందు వరకు నేను కశ్మీర్‌లో తిరుగుబాటు నిరోధక విధుల్లో ఉన్నాను. దాంతో వైకల్య పింఛను ఇవ్వలేదు, మొదటి అప్పీలు కూడా తిరస్కరించారు. తోటి పెన్షనర్లలో కొందరు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లమంటున్నారు, కొందరు ‘బీపీ ఎవరికి లేదయ్యా’ అని నవ్వుతున్నారు. ఇది నాకు రావలసిందేనా, కాదా? మొహమాటం లేకుండా చెప్పండి.

విశ్రాంత సైనిక వైద్యుడు, విశాఖపట్నం:
హవల్దారు గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇలాంటి బోర్డుల్లో నేనూ కూర్చున్నాను. ప్రైమరీ హైపర్‌టెన్షన్ అంటేనే ఫలానా కారణమని వేలెత్తి చూపలేని రక్తపోటు. వంశం, వయసు, ఉప్పు, బరువు అన్నీ కలిసి తెచ్చేది. సైనిక పింఛన్ల కోసం వైద్యాధికారులకు ఇచ్చిన 2008 నాటి మార్గదర్శిక 43వ పేరాలో, ఈ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకోవడం ఎన్నడూ తగదని ఉంది. ముదిరిందని ఒప్పుకోవాలంటే అది ఫీల్డ్‌లోనో, ఎత్తైన పర్వత ప్రాంతంలోనో, తిరుగుబాటు నిరోధక విధుల్లోనో, సుదీర్ఘంగా ఓడపై ఉన్నప్పుడో వచ్చి ఉండాలి. బోర్డు ఆ గీత దాటలేదు. మా వీధిలోని బ్యాంకు గుమాస్తాకూ, ఆటో నడిపే ఆయనకూ ఇదే జబ్బుంది. వాళ్లకు ఎవరు పింఛను ఇస్తారు?

న్యాయవాది, హైదరాబాద్:
డాక్టరు గారు పేరాను సరిగ్గానే ఉదహరించారు గానీ, అందులోని మరో మాటను వదిలేశారు. జబ్బు సర్వీసులో తలెత్తినట్లు, లేదా ముదిరినట్లు కనిపిస్తే సర్వీసు ఒత్తిళ్లు దాన్ని పెంచాయా అన్నది తప్పక పరిశీలించాలని కూడా ఆ పేరాలోనే ఉంది. ‘పీస్ స్టేషన్’ అన్న రెండు మాటలు రాసి సంతకం చేయడం పరిశీలన అనిపించుకోదు.

ఇక న్యాయస్థానాల మాట. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇది: సైన్యంలో చేరేటప్పుడు ఏ జబ్బూ నమోదు కాని మనిషి ఆరోగ్యం తర్వాత చెడితే అది సర్వీసు వల్లేనని భావించాలి, కాదని చూపించే బరువు ప్రభుత్వానిది, మెడికల్ బోర్డు కారణాలు రాసి తీరాలి. ఆయనది రక్తపోటు కాదు, మూర్ఛ. అయినా ఆ సూత్రం ఆధారంగానే సాయుధ దళాల ట్రిబ్యునల్ బీపీ కేసుల్లో జవాన్లకు అనుకూలంగా తీర్పులిస్తూ వచ్చింది. మధుమేహం కేసులో ఢిల్లీ హైకోర్టు కూడా 2025లో, జబ్బు పీస్ స్టేషన్‌లో బయటపడిందన్న ఒక్క మాటతో పింఛను నిరాకరించడం చెల్లదని చెప్పింది.

ఎదుటి పక్షానికీ బలం ఉంది, దాచను. పింఛను అర్హతకు సంబంధించిన 2008 నిబంధనల్లో, చెడిన ఆరోగ్యం సర్వీసు వల్లేనని భావించాలన్న పాత సూత్రం మాటల్లో లేదు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, చేరేటప్పుడు నమోదు కాలేదన్నంత మాత్రాన ప్రతి జబ్బునూ సర్వీసు ఖాతాలో వేయలేమని సుప్రీంకోర్టే అన్నది. అయితే అది స్కిజోఫ్రీనియా కేసు; చేరేటప్పటి పరీక్షలో పట్టుబడని జబ్బు. బీపీని పట్టుకోవడానికి చేతికి చుట్టే పట్టీ చాలు, అది సైన్యంలో ప్రతి వైద్య పరీక్షలోనూ చుడతారు.

తాడేపల్లిగూడెం, ఒక జవాను అన్న:
మా తమ్ముడు మందుపాతర మీద కాలు వేసి మోకాలి కింద అంతా పోగొట్టుకున్నాడు. నాకు కోర్టు తీర్పులు అంతగా తెలియవు. ఒక్కటే అడుగుతాను: 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన రామ్ అవతార్ తీర్పు తర్వాత, పూర్తి సర్వీసు చేసి దిగినవాళ్లకు కూడా 30 శాతాన్ని 50గా సవరించి ఇస్తున్నారు కదా. రోజుకొక మాత్ర వేసుకుని పొద్దున్నే నడకకు వెళ్లే మనిషికి 50 శాతం వైకల్యం అంటే, కృత్రిమ కాలు తగిలించుకునే మనిషి ముఖం ఎలా చూడాలి? 2023లో ప్రభుత్వం నిబంధనలు మార్చి బిగించిందంటే, ఇలాంటి క్లెయిములు పెరిగిపోవడం వల్ల కాదా?

న్యాయవాది, హైదరాబాద్:
అన్నగారూ, మీ బాధను తోసిపుచ్చే మాట నా దగ్గర లేదు. లెక్క మాత్రం చెబుతాను. నూరు శాతం వైకల్యానికి ఇచ్చేది చివరి జీతంలో 30 శాతం. చివరి జీతం 50,000 రూపాయలైతే, 30 శాతం వైకల్యానికి 4,500, దాన్ని 50గా సవరిస్తే 7,500, ఆపైన కరువు భృతి. యుద్ధ గాయానికి ఇచ్చే పింఛను వేరు, దాని రేటు ఇంతకన్నా ఎక్కువ. 2023 నిబంధనలు ఆ ఏడాది సెప్టెంబరు 21 నుంచి అమలయ్యాయి. హవల్దారు గారు 2021లోనే దిగారు కాబట్టి ఆయనకు పాతవే వర్తిస్తాయి. శాతాన్ని సవరించడం సబబా అన్నది వేరే చర్చ. దాని మీద కోపంతో జబ్బుకు మూలమేదన్న ప్రశ్నను తేల్చకూడదు.

డాలస్ నుంచి:
పోలిక కోసం చెబుతున్నాను. ఇక్కడ అమెరికాలో మాజీ సైనికుల కోసం తెచ్చిన 2022 నాటి పాక్ట్ చట్టం తర్వాత, వియత్నాం యుద్ధంలో ఏజెంట్ ఆరెంజ్ అనే విష రసాయనానికి గురైన మాజీ సైనికుడికి బీపీ ఉంటే దాన్ని సర్వీసు వల్ల వచ్చినదిగానే పరిగణిస్తారు. శాతం మాత్రం కొలతను బట్టి: చాలాసార్లు పై అంకె 160 లేదా ఆపైన, లేకపోతే కింది అంకె 100 లేదా ఆపైన ఉంటే 10 శాతం. మూలం విషయంలో ఉదారంగా, శాతం విషయంలో పిసినారిగా ఉంటారన్న మాట. మన దగ్గర సరిగ్గా తలకిందులు.

విశ్రాంత సైనిక వైద్యుడు, విశాఖపట్నం:
న్యాయవాది గారి మాటల్లో ఒకటి నన్ను ఆలోచనలో పెట్టింది. బీపీ ఒక్క రాత్రిలో రాదు, నొప్పీ ఉండదు. బయటపడిన తేదీ వేరు, మొదలైన తేదీ వేరు. మేము బోర్డులో రాసేది మొదటిదే. హవల్దారు గారూ, కశ్మీర్‌లో ఉన్న చివరి రెండేళ్లలో మీ వార్షిక వైద్య పరీక్షలో ఏ అంకెలు నమోదయ్యాయి?

గిద్దలూరు మాజీ హవల్దారు:
డాక్టరు గారూ, నాకు గుర్తున్నంత వరకు మొదటి ఏడాది 126/80, రెండో ఏడాది 138/88 అని రాసి, ఫిట్ అని ముద్ర వేశారు.

విశ్రాంత సైనిక వైద్యుడు, విశాఖపట్నం:
బీపీ ఉందని తేల్చే 140/90కి గుమ్మం దగ్గర నిలబడిన అంకె అది. ఆ కాగితం నా బోర్డు ముందుకు వచ్చి ఉంటే, ‘ముదరలేదు’ అని అంత తేలికగా రాసేవాణ్ణి కాను. పింఛను తప్పక ఇవ్వాలని ఇప్పటికీ అనను. మీ తల్లిదండ్రుల్లో ఎవరికైనా బీపీ ఉందా అని కూడా అడుగుతాను. కానీ ఆ బోర్డు చూడవలసినది చూడలేదు.

న్యాయవాది, హైదరాబాద్:
ముందు సమాచార హక్కు కింద రికార్డు ఆఫీసు నుంచి మీ వైద్య పత్రాల నకళ్లు తెప్పించుకోండి. రెండో అప్పీలు వేశాక, అక్కడా కాదంటే మన రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ఆలస్యమైందని కేసు పోదు గానీ, బకాయిలు మాత్రం చాలా కేసుల్లో దరఖాస్తుకు ముందు మూడేళ్లకే ఇచ్చారు. ఆగిన ప్రతి నెలా మీ చేతి నుంచి జారిపోవచ్చు.

గిద్దలూరు మాజీ హవల్దారు:
మా అమ్మకు బీపీ ఉంది డాక్టరు గారూ, దాచను. సమాచార హక్కు దరఖాస్తు రేపు పోస్టు చేస్తున్నాను. ఆ 138/88 నా జ్ఞాపకంలోనే కాక కాగితం మీద కూడా ఉంటే ఇక్కడే తెలియజేస్తాను.