"రంగం ఎల్లిపోనాడు": ఇది ఏ రంగం?

నిన్న ఇక్కడ ఒకరు "రంగం ఎల్లిపోనాడు" అంటే నాటకాల్లో చేరిపోయాడని అర్థం రాశారు. కళింగపట్నం పక్క ఊరివాణ్ణి, ఊరుకోలేకపోయాను. అది రంగస్థలం కాదండీ, బర్మాలోని రంగూను. మా మామ్మ నోట ఎప్పుడూ "రంగూను" వినలేదు. "మీ సిన్న తాత రంగం ఎల్లిపోనాడు, మరి రాలేదు" అనేది. ఆయన పనిచేసింది బర్మాలోనే మరో ఊరు మౌల్మేన్‌లో, బియ్యం మిల్లులో. మామ్మకి మాత్రం ఓడెక్కి పోయిన దేశమంతా రంగమే.

రంగూనుని ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. బర్మా రాతలో మాత్రం మొదటి అక్షరం నేటికీ "ర"యే. బర్మా భాషలో ఆ ర పలుకుబడి కాలక్రమంలో య అయింది, పడమటి బర్మాలోని అరకాన్ వాళ్ళ నోట ర గానే నిలిచింది. 1755లో అలౌంగ్‌పయా రాజు ఊరు గెలిచి పెట్టిన పేరది. వైరం ముగిసిందని అర్థం. చివరి సున్నా మనమే చేర్చుకున్నామని నా ఊహ: పట్నం, శ్రీకాకుళం, విజయనగరం, వాటి వరసలోనే రంగం.

— మరి అక్కడివాళ్ళు మనల్ని ఏమనేవారండీ? తెలుగువాళ్ళనేనా?

"కోరంగీ" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతింది. తర్వాత మనవాళ్ళు కళింగపట్నంలో, బారువలో, భీమిలిలో ఓడెక్కారు. కోరంగి మొహమైనా చూడనివాళ్ళకీ ఆ పేరే అంటుకుంది. మనం వాళ్ళ దేశమంతటినీ ఒక రేవు పేరుతో పిలిచాం, వాళ్ళు మనందరినీ ఒక రేవు పేరుతో పిలిచారు. నాకు ఈ మాటలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఆ పిలుపులో చేదు కూడా ఉంది. 1930 మేలో రంగం రేవులో మన కూలీలు జీతాల కోసం సమ్మె కట్టారు. వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె తీరగానే తీసేశారు. ఇద్దరూ పేదవాళ్ళే, కొట్టుకున్నది మాత్రం వాళ్ళూ వాళ్ళూ. ఎన్నో ప్రాణాలు పోయాయి.

— మీ చిన్న తాతగారి కబురు తెలిసిందా?

లేదండీ. 1942 మార్చిలో జపాను సైన్యం రంగం పట్టుకుంది. లక్షలమంది అరకాన్ కొండల మీదుగా, మణిపురం మీదుగా కాలినడకన బయల్దేరారు. దారిలో ఆకలికీ, జ్వరాలకీ ఎందరో రాలిపోయారు. ఆయన ఆ నడకలో ఉన్నాడో, అక్కడే ఉండిపోయాడో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మామ్మ "సచ్చిపోనాడు" అని ఒక్కనాడూ అనలేదు. ఎవరడిగినా "రంగం ఎల్లిపోనాడు" అనే చెప్పేది. ఈ మాటకి అర్థం రాసేటప్పుడు ఆ వాడుక కూడా చేర్చండి.

సోంపేట, బొబ్బిలి వైపు పెద్దవాళ్ళు "రంగం" అంటారా, "రంగూను" అంటారా? మీ ఇళ్ళలో అడిగి రాయండి.