ఖవ్వాలీలోని ‘సుహాగన్’కు తెలుగులో ఏ మాట?

సూఫీ కవి అమీర్ ఖుస్రో పేరిట పాడే ‘ఛాప్ తిలక్’ ఖవ్వాలీని పాడుకోవడానికి వీలుగా తెలుగు చేస్తూ ‘మోహే సుహాగన్ కీనీ’ (నన్ను సుహాగన్‌ను, అంటే భర్త ఉన్న ఇల్లాలిని చేశావు) దగ్గర ఆగిపోయాను. పాటలో గొంతు ఆడది, పిలుపు మాత్రం ఖుస్రో గురువు నిజాముద్దీన్ ఔలియాకు.

‘ముత్తైదువను చేశావు’ అంటే పసుపుకుంకుమల పేరంటం గుర్తొస్తోంది. ‘నన్ను వరించావు’ అంటే ఉత్త ప్రేమపాటే, గురువు మాయం. పైగా తెలుగు ‘నన్ను’కు లింగభేదం లేదు కాబట్టి ఆడగొంతూ పోతోంది. ‘నీదాన్ని చేసుకున్నావు’లో గొంతు నిలిచింది గానీ పెళ్లికళ లేదు. (సూఫీల వర్ధంతినే ‘ఉర్స్’ అంటారు, అరబ్బీలో పెళ్లి అని. అందుకే ఆ కళను వదల్లేను.) క్షేత్రయ్య పదాల్లో నాయిక భాషా చూశాను, అక్కడ ఎదుట ఉన్నది మువ్వగోపాలుడు, గురువు కాదు.

8 మాత్రల కహర్వా తాళంలో ఇమిడేలా, పెళ్లికళనూ గురుశరణాగతినీ కలిపి పలికే తెలుగు మాట ఏది?