సమస్యాపూరణం: పేరు పెట్టగానె పేరు పోయె

నిర్వాహకుడు:
మా బంధువుల ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. సంస్కృతం పేరే కావాలి, ఊళ్ళో ఇంకెవరికీ ఉండకూడదు, నోరు తిరగాలి, నక్షత్రాక్షరం (పుట్టిన నక్షత్రపాదానికి చెప్పిన మొదటి అక్షరం) కలవాలి. ఈ నాలుగింటి మధ్య నలుగుతున్న వారి మాటల్లో దొరికింది, మీరు పద్యం చివర నిలిపి పూరించాల్సిన ఈ వారం పాదం.

పేరు పెట్టగానె పేరు పోయె

కానివ్వండి. పోయినసారి సమస్యలోలాగా వేపచెట్టు ఎక్కి కూర్చోవద్దని మనవి.

కృష్ణాతీరం:
బోణీ నాది.

ఆర్ద్రలోన మూడవక్షరము ఙ యని
పంతులయ్య చెప్పె బల్లగుద్ది;
నోరు తిరుగ కవ్వ నొసలు కొట్టుకొనియె;
పేరు పెట్టగానె పేరు పోయె!

ఆర్ద్ర నాలుగు పాదాలకు కూ, ఘ, ఙ, ఛ. మూడో పాదంలో పుట్టిన పిల్ల గతి ఏమిటని ఎవరూ అడగరు. పేరు పోయింది పంతులుగారిది.

అద్దంకి కోడలు:
అన్నయ్యగారూ, నవ్వాపుకోలేకపోయాను. 'బల్లగుద్ది' అన్నది ప్రాణం. మనుస్మృతి ఆడపిల్ల పేరుకు మొదట చెప్పిన గుణమే 'సుఖోద్యం', సులువుగా పలకాలని. కాబట్టి అవ్వ నొసలు కొట్టుకోవడానికి శాస్త్రాధారం కూడా ఉంది.

రాజమహేంద్రి:
పద్యం నడిచింది, సంతోషం. కానీ పూరణకు పునాది లేదు. పేరు ఙతో మొదలు కాదన్న సంగతి జ్యోతిషులకు తెలియనిదా? ఙ, ఞ, ణ వస్తే వరుసగా గ, జ, డ తీసుకోవాలని 'గజడాస్తే యథాక్రమమ్' అనే శ్లోకం ఉండనే ఉంది. ఆర్ద్ర మూడో పాదానికి గౌతమి అని హాయిగా పెట్టుకోవచ్చు. మీ పంతులుగారికి ఆ శ్లోకం రాకపోతే ఆయన పేరు ఎప్పుడో పోయి ఉండాలి, నామకరణం దాకా ఆగనక్కరలేదు.

ఓరుగల్లు:
రాజమహేంద్రివారు గ అనగానే గౌతమి దగ్గరకే ఎందుకు వెళ్ళారో అందరికీ తెలుసు. గీత, గాయత్రి కనపడలేదు.

అద్దంకి కోడలు:
నా ప్రయత్నం:

హన్వితనుచు తల్లి యాశగా పిలువంగ
తాత నవ్వె నోటి దౌడ తడిమి;
హనువనంగ నేమొ యమరమ్ము చూడరో;
పేరు పెట్టగానె పేరు పోయె!

నిర్వాహకుడు:
అమ్మా, దవడ పగలగొట్టారు! 'తాత నవ్వె' దగ్గర ఆపి, కారణం మూడో పాదం దాకా దాచడం బాగుంది.

ఓరుగల్లు:
అమరకోశమనే సంస్కృత నిఘంటువులో 'గండౌ కపోలౌ తత్పరా హనుః' అని, అంటే చెక్కిళ్ళ అవతలిది హనువు, దవడ అని చదువుకున్నవాళ్ళకు ఈ పద్యం వెంటనే అందుతుంది. అన్విత అంటే సరే, అను, ఇత కలిసిన మాట, కూడినది అని అర్థం. దాని నెత్తిన ఒక హకారం పెట్టి కొత్త పేరు చేశారు. పేర్ల జాబితాల్లో దానికి ఎవరికి తోచిన అర్థం వారు రాసుకున్నారు. ఇంద్రుడి వజ్రాయుధం తగిలి దవడ సొట్టపోయినవాడికి హనుమంతుడని పేరు వచ్చింది. ఈ పాపాయిలకు ఏ దెబ్బా తగలకుండానే వచ్చింది.

కృష్ణాతీరం:
మా చెల్లెలి మనవరాలి పేరు అదే. ఈ పద్యం వాళ్ళింటికి పంపను. పూరణ మాత్రం ఈ వారానికి మొదటి వరుసలోది. అక్షరాలు మూడు, బేసి సంఖ్య, నామకరణంలాంటి ఇంటి సంస్కారాల విధులు చెప్పే గృహ్యసూత్రం కూడా తప్పు పట్టలేదు. తప్పు పట్టగలిగింది తాతగారు ఒక్కరే.

రాజమహేంద్రి:
అందరూ పంతుళ్ళనూ తల్లులనూ ఆడిపోసుకుంటున్నారు. పేరు పోవడం అంటే పరువు పోవడమేనా? నాది చూడండి.

చిట్టితల్లి యనిరి, చిన్నారి పొన్నారి,
బుజ్జి యనిరి యిల్లు ముద్దు కురియ;
బియ్యమందు నాన్న వేలితో వ్రాయంగ
పేరు పెట్టగానె పేరు పోయె!

డల్లాస్ తాత:
ఆహా! ఇరవై ఒక్క రోజులు ఏలిన పేరు పళ్ళెంలో బియ్యం పరవగానే దిగిపోయింది. కళ్ళు చెమర్చాయి బాబూ.

కృష్ణాతీరం:
కళ్ళు తుడుచుకుని రెండో పాదం మళ్ళీ చదవండి తాతగారూ. 'బు'కూ 'ము'కూ యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు, ఎక్కడిది? బకారం ముందు సున్న ఉంటే మకారంతో కలుస్తుంది. ఇక్కడ బుజ్జి ముందు సున్నా లేదు, అరసున్నా లేదు. ఇంకొకటి: బియ్యంలో వేలితో రాయరు, బంగారు ఉంగరంతో రాస్తారు.

రాజమహేంద్రి:
ఉంగరం వేలికే ఉంటుందని విన్నాను. కృష్ణా తీరాన ఇంకెక్కడైనా పెట్టుకుంటారేమో తెలియదు. యతి సంగతి మాత్రం నేను సవరించను.

ఓరుగల్లు:
సవరించనక్కరలేదు కూడా. పు, ఫు, బు, భు అనే నాలుగింటికీ ముకారంతో మైత్రి లాక్షణికులు, అంటే ఛందస్సు నియమాలు రాసినవారు, ఒప్పుకున్నదే. అచ్చు ఉకారమైతే చాలు, సున్నతో పనిలేదు. బుజ్జికి ముద్దు కలవకపోతే ఇంక దేనికి కలుస్తుంది?

కృష్ణాతీరం:
ఒప్పుకున్నారు సరే. ఒప్పుకోవడం వేరు, వినసొంపుగా ఉండడం వేరు. 'ఇల్లు పొంగిపోయె' అని ఏదో ఒకటి పడితే ఈ వకాల్తా అవసరం ఉండేది కాదు. పోయినసారి కూడా ఇంతే. 'చేదు లేని వేపచెట్టు కలదు' అని పాదం ఇస్తే ఈయన కరివేప అని పూరించి దండలు వేయించుకున్నారు. కరివేపను చెట్టు అనవచ్చునా అని నేను అడిగితే ఇప్పటికీ జవాబు లేదు.

రాజమహేంద్రి:
మా పెరట్లోది డాబా ఎత్తుకు పెరిగింది. వచ్చి ఎక్కి చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ సమస్యకు మీరు 'కలలో వేప' అని రాశారు. కలలో అయితే చేదేమిటి, చెట్టే ఉండనక్కరలేదు.

నిర్వాహకుడు:
నేను ముందే మనవి చేసుకున్నాను. వేపచెట్టు దిగండి.

డల్లాస్ తాత:
మీరు దిగేలోగా నాదొకటి.

ఇంటిపేరు గడిని నేమి వ్రాయకయున్న
వీస కాగితాన వింత జరిగె;
'తెలియ'దనుచు వచ్చె తెల్లవారల ముద్ర;
పేరు పెట్టగానె పేరు పోయె!

కల్పన కాదు. పాస్‌పోర్టులో పిల్ల పేరు ఒక్కటే రాయించి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసాలో ఆ ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి జరుగుతుంది. అసలు పేరు ఉండవలసిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. అమ్మ, నాన్న, తాతలు, మేనత్తలు కూర్చుని అమరం, సహస్రనామం జల్లెడ పట్టి తెచ్చిన పేరు కదా! బడిలో టీచరు హాజరు పిలిచేటప్పుడు ఆ మూడక్షరాలనే పేరనుకున్న సందర్భాలు ఇక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు.

అద్దంకి కోడలు:
తాతగారూ, ఇలాంటి పూరణ మీకు తప్ప ఇంకెవరికీ తట్టదు. పాత సమస్యకు కొత్త కాగితం.

ఓరుగల్లు:
వీసాను 'వీస' చేశారని ఎవరైనా పట్టుకునేలోగా నేనే చెబుతాను. వీసం అంటే పదహారో వంతు. ఆ పిల్ల పేరులో అంత కూడా మిగలలేదు కాబట్టి ఆ హ్రస్వం కూడా కలిసివచ్చింది.

కృష్ణాతీరం:
బాగుంది, నిజంగా బాగుంది. కానీ నాకు ఇంకా గౌతమి దగ్గర లెక్క తేలలేదు. రాజమహేంద్రివారు నా పంతులుగారికి శ్లోకం నేర్పారు కదా, అదే పేరు పెట్టి చూద్దాం. గృహ్యసూత్రం రాసిన పారస్కరుడు ఆడపిల్ల పేరు బేసి అక్షరాలతో ఆకారాంతంగా ఉండాలన్నాడు. గౌతమీ అన్నది ఈకారాంతం. మొదటి మెట్టు దగ్గరే తప్పింది.

రాజమహేంద్రి:
పారస్కరం శుక్ల యజుర్వేదులది. మన వైదికుల ఇళ్ళలో ఎక్కువగా నడిచేది ఆపస్తంబ గృహ్యసూత్రం. అక్కడ ఉన్నది 'అయుజాక్షరం కుమార్యాః' అని రెండు మాటలే. అక్షరాలు బేసిగా ఉంటే చాలు, చివర ఏ అచ్చున్నా అడిగేవారు లేరు. గౌ, త, మి, మూడు. అయినా తెలుగులోకి వచ్చేసరికి సీతా సీత అయింది, గౌరీ గౌరి అయింది. ఆకారాంతం కావాలంటే ముందు మన నోళ్ళు సాగదీయాలి.

ఓరుగల్లు:
ఇది రాజమహేంద్రివారి గెలుపు. నమోదు చేసుకోండి.

కృష్ణాతీరం:
తొందరపడకండి. మనుస్మృతిలో మూడో అధ్యాయం ఉంది. నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి, పాము, వీటి పేర్లున్న పిల్లను పెళ్ళాడవద్దని 'నర్క్షవృక్షనదీనామ్నీం' అనే శ్లోకం. రోహిణి, తులసి, యమున, అందరూ అందులో పోయారు. గౌతమి అంటే సాక్షాత్తు గోదావరి. అందుకని ఇది:

గౌతమి యని పిలువ గస్సుమనెను నాన్న,
"నదుల పేరు పెండ్లినాడు ముప్పు
మనువు చెప్పె" ననుచు, మనువు కుదరదని;
పేరు పెట్టగానె పేరు పోయె!

నిర్వాహకుడు:
మూడో పాదం! ఒక మనువు నోటి మాట ఇంకో మనువును చెడగొట్టింది. అన్నయ్యగారూ, మొదటి పూరణ కన్నా ఇది నాలుగు మెట్లు పైన ఉంది. పేరు పోవడం అంటే పరువు పోవడం కాదు, పెట్టిన పేరే ఎగిరిపోవడం. ఈ దారి ఎవరూ పట్టలేదు.

అద్దంకి కోడలు:
'మనువు కుదరదని' దగ్గర గణాలు రెండూ నాలుగేసి లఘువులు, అన్నీ పొట్టి అక్షరాలే. గుక్క తిప్పుకోకుండా తిట్టే నాన్న గొంతు వినిపించింది.

డల్లాస్ తాత:
మా ఆవిడ పేరు యమున. యాభై ఏళ్ళ కిందట ఈ శ్లోకం నాకెవరూ చెప్పలేదు.

ఓరుగల్లు:
చెప్పి ఉంటే ఏం చేసేవారు అని అడగను. ఆవిడ కూడా ఇవి చదువుతారు కదా.

రాజమహేంద్రి:
గణం, యతి, శ్లేష మూడూ నిలిచాయి. వెతికి వెతికి ఏమీ దొరకక రాత్రి ఆలస్యంగా పడుకున్నాను. ఒక్క సందేహం మాత్రం ఉంది. విజయవాడ నుంచి హంసలదీవి దాకా ఇంటింటా ఒక కృష్ణవేణి ఉంటుంది కదా, వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు చేసిన పురోహితులు ఏ స్మృతి చదివారో తమరు కనుక్కుని చెప్పాలి.