సుంకి ఘాట్‌కి 172 టార్క్ (తిప్పే బలం) పెట్రోల్ కారు సరిపోతుందా, 250 టార్క్ డీజిలే కావాలా?

ఉండేది సెమిలిగూడ (ఒడిశా, కోరాపుట్ జిల్లా). సాలూరు వైపు రాకపోకలన్నీ సుంకి ఘాట్ మీదే, ఐదుగురు మనుషులు, పైన సామాను. చూస్తున్న కార్లు రెండు: 1.0 టర్బో పెట్రోల్ (పవర్ 120 పీఎస్; టార్క్ 1500 నుంచి 4000 ఆర్‌పీఎమ్ దాకా, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు, 172 ఎన్ఎమ్), 1.5 డీజిల్ (115 పీఎస్, 1500 నుంచి 2750 దాకా 250 ఎన్ఎమ్).

టార్క్‌ని ఆర్‌పీఎమ్‌తో గుణించి 7024తో భాగిస్తే పీఎస్. ఆ లెక్కన 1800 దగ్గర డీజిల్ 64 ఇస్తుంది, పెట్రోల్ 44. పెట్రోల్‌ని 2600కి లేపితే అదీ 64కి వచ్చేస్తుంది. అంటే గేరు దించి తోలితే చక్రం దగ్గర లాగుడు ఇంచుమించు సమానమే కదా? షోరూముల్లో మాత్రం "డీజిల్‌కి టార్క్ ఎక్కువండీ" దగ్గరే ఆగిపోతున్నారు, గేర్ రేషియో అడిగితే తెల్లమొహం.

అసలు అనుమానం 1500 కిందే. హెయిర్‌పిన్‌లో సెకండ్‌లో తిప్పేటప్పుడు ఆర్‌పీఎమ్ 1200కి పడితే టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసేది) ఇంకా అందుకోదు, బ్రోషర్ అంకెలు అక్కడ పనికిరావు. ఒక లీటరు ఇంజిన్ అప్పుడు గుంజుతుందా, ఫస్ట్‌కి దించాలా? హాఫ్ క్లచ్‌తో నెట్టుకొస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది.

ఫుల్ లోడుతో ఈ ఘాట్ ఎక్కేవాళ్ళు గేరు, ఆర్‌పీఎమ్ చెప్పండి. మిగతా రోజులు ఊళ్ళో చిన్న దూరాలే. డీజిల్‌కి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోతోందా?