సైన్స్ డేకి నీలిముద్రలు: కడిగితే రంగు పోతోంది

పర్లాకిమిడి టీచర్: ఫిబ్రవరి 28న పిల్లలతో సవర గిరిజనుల బొమ్మల సయనోటైప్ (రసాయన పూత పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి వేసే నీలిముద్ర) చేయిస్తున్నాం. నీళ్లలో పెట్టగానే నీలం కొట్టుకుపోతోంది. కారణం ఏమై ఉంటుందండీ?

గుణుపురం కెమిస్ట్రీ: ఎండ చాల్లేదండి. కాగితం మీది పసుపురంగు పూత బూడిదరంగుకి తిరిగేదాకా కదపొద్దు. మబ్బుంటే ఇంకా ఆలస్యం. పాళ్లు చూసుకోండి: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు విడిగా 100 మి.లీ.లో. పూసే ముందే సమంగా కలిపి, చీకట్లో ఆరబెట్టాలి. నున్నటి కాగితం పూతను పీల్చుకోదు, డ్రాయింగ్ షీటే మేలు. గ్లౌజులు తప్పనిసరి, దగ్గర్లో యాసిడ్ ఉండకూడదు.

రాయగడ ఆర్ట్: బొమ్మని పారదర్శక షీటు మీద నల్ల మార్కర్‌తో దట్టంగా గీయించండి. గీతలు అచ్చం సవర గోడబొమ్మల్లా తెల్లగా వస్తాయి, ఎంత బాగుంటాయో! ఆ షీటుని పూత కాగితం మీద పరిచి, పైన అద్దం పెట్టి క్లిప్పులు బిగించండి, లేకపోతే అంచులు అలుక్కుపోతాయి.

పర్లాకిమిడి టీచర్: వరండా వెలుగులో ఆరబెట్టాం, అదీ మారుస్తాం. థాంక్సండీ.