హీలియం లెక్కలో 1 ఎంఈవీ ఎక్కడ పోతోంది?

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను పక్కనే పాతపట్నంలో తెలుగు మీడియం చదివాను. మా అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియం. నేను ద్రవ్యరాశి అంటే తను బస్తుత్వ అంటుంది. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ ఇంగ్లీషులో చదువుతోంది. ఇద్దరం కలిసి ఒక లెక్క దగ్గర రెండు రోజులుగా ఇరుక్కుపోయాం.

హీలియం-4 బంధన శక్తి (కేంద్రకాన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లుగా విడదీయడానికి కావాల్సిన శక్తి) కనుక్కోవాలి. రెండు ప్రోటాన్లు (ఒక్కోటి 1.007276), రెండు న్యూట్రాన్లు (ఒక్కోటి 1.008665) కలిపితే 4.031882 ఏఎంయూ (పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు). అందులోంచి పుస్తకం వెనక పట్టికలోని హీలియం విలువ 4.002602 తీసేస్తే మిగిలింది 0.029280. 1 ఏఎంయూకి 931.5 ఎంఈవీ (మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తికి కొలత) కాబట్టి దాన్ని 931.5తో గుణిస్తే 27.27 ఎంఈవీ వచ్చింది. జవాబు మాత్రం 28.3 అని ఉంది.

యూనిట్లు మార్చడంలో తప్పేమోనని దూరపు దారిలోనూ చేశాం. 1 ఏఎంయూకి 1.6605 × 10⁻²⁷ కిలోల చొప్పున ఆ 0.029280ని కిలోల్లోకి మార్చి, కాంతి వేగం వర్గంతో గుణిస్తే 4.37 × 10⁻¹² జౌళ్లు, 1 ఎంఈవీకి ఉండే 1.602 × 10⁻¹³ జౌళ్లతో భాగిస్తే మళ్లీ దాదాపు అదే, 27.28. (మొదటిసారి గ్రాముల్లో వేసి వెయ్యి రెట్లు తెచ్చుకున్నాం, ఆ టెన్షన్ వేరే.)

తేడా సుమారు 1.03. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 0.511 ఎంఈవీ కదా, దాదాపు రెండింతలు! పట్టికలో ఉన్నది కేంద్రకం బరువు కాదు, ఎలక్ట్రాన్లతో సహా పరమాణువు బరువేనా? అయితే ప్రోటాన్ బదులు హైడ్రోజన్ పరమాణువు విలువ 1.007825 వేయాలా?

ఇంకొకటి. ద్రవ్యరాశిని కూడా ఎంఈవీల్లోనే రాసేస్తారేంటి, కింద ఉండాల్సిన సీ స్క్వేర్ ఏమైనట్టు? తెలిసినవాళ్లు కాస్త తెలుగులో చెప్పండి, అమ్మాయికి నేను ఒడియాలో చెప్పుకుంటాను.